కార్తీకం నుంచి సంక్రాంతి దాకా కృష్ణలో తిరిగే బోటు: ఇంజిన్‌లో నీళ్ళ దారిని కాపాడుకునే పద్ధతి

నా దగ్గరికి రిపేరుకు వచ్చే బోటు ఇంజిన్లు చాలావరకు కార్తీకమాసం మొదలైన రెండు మూడు వారాల్లోనే వస్తాయి. రోహిణీ కార్తె ఎండల్లో లేని ఈ వేడెక్కే జబ్బు, ఇంత చల్లటి రోజుల్లో ఎందుకొచ్చిందని ప్రతి ఓనరూ అడుగుతాడు. తప్పు చలిది కాదు. జూలై నుంచి అక్టోబరు దాకా వరద మోసుకొచ్చిన ఒండ్రు ఇంజిన్ లోపల చేరుతుంది. బోటు కట్టేసి ఉన్న రోజుల్లో అది అక్కడే గట్టిపడుతుంది. వరద తగ్గి, ప్రకాశం బ్యారేజీ గేట్లు దించాక పైన నీళ్ళు చెరువులా నిలుస్తాయి, గుర్రపుడెక్క వచ్చి చేరుతుంది. సరిగ్గా అప్పుడే జనం కూడా వస్తారు. వనభోజనాలు, భవానీ ద్వీపం, సంక్రాంతి సెలవులు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఇంజిన్‌కు ఊపిరి సలపదు.

చలి దేశాల్లో శీతాకాలం బోటు నడిపేవాళ్ళ భయం వేరు. వాళ్ళకు ఇంజిన్‌లో నీళ్ళు గడ్డకడతాయి. మనం డిసెంబరు రాత్రి 15 డిగ్రీలకు దిగితేనే దుప్పట్లు తీస్తాం కాబట్టి ఆ బాధ లేదు. కానీ అక్కడైనా ఇక్కడైనా కాపాడుకోవాల్సింది ఒక్కటే, ఇంజిన్ లోపల నీళ్ళు పోయే దారి. అక్కడ దానికి మంచుగడ్డ అడ్డం, మనకు ఒండ్రు, నాచు, పాలిథిన్ కవర్లు. నీళ్ళు ఎక్కడ లోపలికొస్తున్నాయి, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి, ఎక్కడ బయటపడుతున్నాయి అన్నది మీ బోటులో మీరే వేలు పెట్టి చూపించగలగాలి. కింద రాసిన పనులన్నీ ఆ దారి వెంటే నడుస్తాయి. దసరా హడావుడి అయ్యాక, దీపావళి లోపు చేసుకుంటే కార్తీక సోమవారాలకు బోటు సిద్ధంగా ఉంటుంది.

మీ ఇంజిన్ ఏ రకం?

మన నదిలో తిరిగే లోపలి ఇంజిన్లు మూడు రకాలు. మొదటిది నది నీళ్ళు నేరుగా ఇంజిన్ బ్లాకులోకి వెళ్ళి, తిరిగి బయటికి పోయేది. పాత బోట్లలో ఇది ఎక్కువ. రెండోదానిలో బ్లాకులో కూలెంటే (ఇంజిన్ వేడిని మోసే ద్రవం) తిరుగుతుంది. నది నీళ్ళు హీట్ ఎక్స్ఛేంజర్ అనే గొట్టాల కట్టలోంచి పోతూ ఆ కూలెంట్ వేడిని లాగేస్తాయి, రెండూ కలవవు. మూడోదానిలో కూలెంట్‌నే బోటు అడుగున నీళ్ళలో ఉన్న పైపుల్లో తిప్పి చల్లబరుస్తారు. లారీ ఇంజిన్‌ను మార్చి బిగించిన కొన్ని బోట్లకు ఇలా ఉంటుంది. దీనికి ఒండ్రు బాధ దాదాపు లేదు. అడుగు పైపుల మీద నాచు, మట్టి పేరుకోకుండా గీకి, కూలెంట్ సంగతి చూసుకుంటే సరిపోతుంది. కింద రాసిన శ్రమంతా ముఖ్యంగా మొదటి రెండు రకాలకు.

ఏ రకమో తెలియకపోతే కూలెంట్ పోసే మూత ఉందేమో చూడండి. మూత లేకుండా, అడుగు నుంచి వచ్చిన పైపు పంపు దాటి బ్లాకులోకి పోతుంటే అది నేరుగా నది నీళ్ళు తాగే ఇంజిన్.

ఒండ్రు తీయడం

2024 సెప్టెంబరు మొదటి రోజులు విజయవాడ మర్చిపోదు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కట్టు తెంచుకుని కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకుని వాటి కౌంటర్ వెయిట్లు (గేట్లకు తూకంగా ఉండే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి. ఆ వరద తగ్గాక ఒక మిత్రుడి బోటు ఇంజిన్ చూడటానికి వెళ్ళాను. నది నీళ్ళు నేరుగా తాగే రకం. బ్లాకు కింద పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గు విప్పితే ఒక్క చుక్క కూడా రాలేదు. మిత్రుడు సంతోషపడ్డాడు, లోపల నీళ్ళు లేవని. నేను బైండింగ్ వైరు ముక్క తీసుకుని రంధ్రంలో పొడిచాను. అంగుళం లోపల మెత్తగా తగిలింది. రెండుసార్లు తిప్పి లాగేసరికి అంబలి లాంటి బూడిదరంగు ముద్ద జారి నా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. దాని వెనక నీళ్ళు బుడబుడమంటూ వచ్చాయి. బ్లాకు నిండా నీళ్ళున్నాయి, ఒండ్రు బిరడాలాగా బిగుసుకుంది, అంతే. ప్లగ్గు విప్పాక ఏమీ రాకపోతే ఖాళీ అనుకోకండి, వైరు పెట్టి పొడవండి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి.

పని వరస ఇలా ఉంటుంది. బోటు అడుగున నది నీళ్ళు లోపలికొచ్చే చోట వాల్వు ఉంటుంది. సీకాక్ అంటారు, నేనిక్కడ అడుగు వాల్వు అని రాస్తాను. ముందు దాన్ని మూసేయండి. బ్లాకు, హీట్ ఎక్స్ఛేంజర్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డు (సిలిండర్ల పొగ చేరే భాగం), నీళ్ళు చేరే సైలెన్సర్ డబ్బా, ఇలా అడుగున ప్లగ్గు ఉన్న ప్రతి చోటా విప్పి వైరుతో పొడిచి ఖాళీ చేయండి. విప్పిన ప్లగ్గులన్నీ ఒకే డబ్బాలో వేసి లెక్క రాసుకోండి. ఒక్కటి మరిచిపోయి అడుగు వాల్వు తెరిస్తే నది బోటులోకి వస్తుంది.

తర్వాత కడగడం. ప్లగ్గులు మళ్ళీ బిగించి, అడుగు వాల్వు నుంచి పంపుకు వెళ్ళే హోస్ పైపును వాల్వు దగ్గర ఊడదీసి, 200 లీటర్ల డ్రమ్ములో ముంచండి. డ్రమ్ము నిండా శుభ్రమైన నీళ్ళు. ఇంజిన్ స్టార్ట్ చేసి తక్కువ స్పీడులో ఉంచండి. పంపు డ్రమ్ములోంచి నీళ్ళు లాగి, లోపల కడిగి, సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోస్తుంది. మొదట కాఫీరంగులో వస్తాయి, తర్వాత పలచబడతాయి. ఒక మనిషి డ్రమ్ము దగ్గరే ఉండాలి. నీళ్ళు అడుగంటకముందే ఇంజిన్ ఆపాలి, మళ్ళీ నింపాలి. తేటగా వచ్చేదాకా ఇలాగే.

మోటారు పెట్టి బోరు పైపును నేరుగా ఇంజిన్ హోసుకు బిగించే అలవాటు ఉంది. అది చేయకండి. ఇంజిన్ తిరగనప్పుడు కూడా ఆ ఒత్తిడికి నీళ్ళు సైలెన్సర్ నిండి, వెనక్కి ఎక్కి, సిలిండర్లలోకి దిగుతాయి. డ్రమ్ము పద్ధతిలో పంపు లాగినన్ని నీళ్ళే వెళతాయి.

హీట్ ఎక్స్ఛేంజర్ ఉంటే రెండు చివరల మూతలు విప్పి లైటు వేసి చూడండి. సన్న గొట్టాలు తేనెపట్టులా కనిపిస్తాయి. అవతలి వెలుతురు ప్రతి గొట్టంలోంచీ కనపడాలి. కనపడని వాటిలో సన్న వెదురు పుల్లగాని ఇత్తడి కడ్డీగాని మెల్లగా దూర్చి ఒండ్రు నెట్టేయాలి. ఇనప ఊచ పెడితే రాగి గొట్టం గీసుకుపోతుంది. గొట్టాల్లో తెల్లగా సున్నం పట్టి ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చటి నీళ్ళకు 50 గ్రాముల చొప్పున కలిపి, ఆ గొట్టాల కట్టను బయటికి తీసి కొన్ని గంటలు నానబెట్టండి. బుడగలు రావడం ఆగాక వంటసోడా కలిపిన నీళ్ళతో, ఆపైన మంచినీళ్ళతో కడగండి. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం పోయవద్దు. సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది, అల్యూమినియం భాగాలుంటే ఇంకా వేగంగా.

అడుగు జాలీ, జల్లెడ డబ్బా

గుర్రపుడెక్క ఆకు మీద మనకు కోపం, కానీ ఇంజిన్‌ను చంపేది దాని వేరు. నల్లటి ఈకల్లాంటి వేళ్ళు తెగి నీళ్ళలో తేలుతుంటాయి. బోటు అడుగున నీళ్ళు లోపలికొచ్చే చోట ఉండే జాలీ సందుల్లోంచి దూరి, వాల్వుకూ పంపుకూ మధ్యనున్న జల్లెడ డబ్బాలో తడిసిన జుట్టులా ముద్దకడతాయి. వాటికి తోడు ఘాట్ల దగ్గర పూజ పూలు, కొబ్బరి పీచు, స్నానాలు చేసి వదిలేసిన బట్టలు, కవర్లు. దుర్గా ఘాట్ వైపు రోజూ తిరిగే బోటుకు ఈ సీజన్‌లో జల్లెడను రోజుకు ఒకసారి తీసి చూడటం చాలదు. ప్రతి రెండు మూడు ట్రిప్పులకు చూడాలని నా గట్టి అభిప్రాయం. రెండు నిమిషాల పని.

అడుగు వాల్వు మూసి, జల్లెడ మూత తిప్పి, బుట్ట బయటికి తీసి, వెనక వైపు నుంచి నీళ్ళు కొట్టి కడగాలి. ముందు వైపు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. మూత కింద రబ్బరు రింగు చూడండి. పగుళ్ళుంటే మార్చండి, బాగుంటే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఆ రింగు పక్కనుంచి గాలి పీలిస్తే పంపు నీళ్ళు లాగదు. నీళ్ళు కారడం కంటికి కనిపిస్తుంది, గాలి పీల్చడం కనిపించదు. అందుకే చాలామంది పంపు తప్పనుకుని పంపు మారుస్తారు.

మూత బిగించాక అడుగు వాల్వు తెరవడం మర్చిపోతే పంపులోని రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, ఎండిపోయి కాలుతుంది. దీనికి నేను పాటించే అలవాటు ఒకటుంది. అడుగు వాల్వు మూసిన ప్రతిసారీ ఇంజిన్ తాళంచెవి ఆ వాల్వు పిడికి తగిలిస్తాను. తాళంచెవి కోసం చెయ్యి పెడితే వాల్వు దగ్గరికే వెళ్ళాలి.

ఇంపెల్లర్

నది నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు చక్రం ఇది. నీళ్ళే దానికి చల్లదనం, నీళ్ళే నూనె. నీళ్ళు లేకుండా తిరిగితే నిమిషాల్లో రెక్కలు మాడి తెగిపోతాయి. ప్రతి కార్తీకానికీ కొత్తది వేయండి. పాతది బాగుంటే పారేయకుండా అత్యవసరానికి బోటులో ఉంచుకోండి.

వాల్వు మూసి, పంపు ముందు పళ్ళెం స్క్రూలు విప్పండి. కాగితం ప్యాకింగ్ చిరిగితే కొత్తది కావాలి, ముందే కొనిపెట్టుకోండి. ఇంపెల్లర్‌ను కటింగ్ ప్లేయర్‌తో రెండు వైపులా పట్టుకుని నిటారుగా లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే పంపు లోపలి గోడ గీసుకుపోతుంది, ఆ గీత ఉన్నంతకాలం పంపు బలహీనమే. రెక్క మొదలును వేలితో వంచి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఒక రెక్క తక్కువగా ఉంటే ఆ ముక్క ఎక్కడో ఉంది. కొత్త ఇంపెల్లర్ వేసి స్టార్ట్ చేసేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ముక్క నీళ్ళతో ముందుకు వెళ్ళి పైపు వంపులోనో హీట్ ఎక్స్ఛేంజర్ మొదట్లోనో ఇరుక్కుంటుంది. సగం నీళ్ళు పోతుంటాయి, ఖాళీగా తిరిగితే వేడి రాదు, జనాన్ని ఎక్కించుకుని ఎదురు ప్రవాహంలో వెళ్ళగానే వేడి చూపే గేజి సూది పైకి లేస్తుంది. ఒకసారి భవానీ ద్వీపం ట్రిప్పులు తిరిగే బోటు నాలుగు రోజులు ఇలాగే సతాయించింది. రేడియేటర్ మూత మార్చారు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు) మార్చారు, కూలెంట్ మార్చారు. చివరికి ఎక్స్ఛేంజర్ మూత విప్పితే చిటికెన వేలి గోరంత రెండు నల్ల రబ్బరు ముక్కలు గొట్టాల మూతికి అతుక్కుని ఉన్నాయి. అరచేతిలో పెట్టి పాత ఇంపెల్లర్ పక్కన ఆనిస్తే తెగిన చోట సరిగ్గా అతికాయి. ముక్కలన్నీ దొరికి, ఆ రెక్కల లెక్క సరిపోయేదాకా వెతకడం ఆపకండి.

పంపు పళ్ళెం లోపలి వైపు కూడా చూడండి. ఒండ్రులోని ఇసుక దాన్ని గ్రామఫోను రికార్డులా గీస్తుంది. గీతలు గోటికి తగులుతుంటే అద్దం ముక్క మీద సన్న ఎమరీ కాగితం పరిచి పళ్ళేన్ని రుద్ది చదును చేయించండి. కొత్త ఇంపెల్లర్‌కు గ్లిజరిన్‌గాని సబ్బు నురగగాని రాసి ఎక్కించాలి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు చాలా రబ్బర్లను ఉబ్బిస్తాయి. పంపు తిరిగే దిక్కుకే తిప్పుతూ, రెక్కలు వెనక్కి వంగేలా లోపలికి నెట్టండి.

కూలెంట్, థర్మోస్టాట్

కూలెంట్ అంటే గడ్డకట్టకుండా పోసేది కదా, విజయవాడకు ఎందుకని అడుగుతారు. ఆ డబ్బాలోది ఇథిలీన్ గ్లైకాల్, దానితో పాటు తుప్పు ఆపే రసాయనాలు. సగం గ్లైకాల్ సగం నీళ్ళు కలిపితే సున్నా కింద 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, అది మనకు అక్కర్లేదు. కానీ అదే మిశ్రమం 100 దగ్గర మరగకుండా ఇంకో ఆరేడు డిగ్రీలు ఆగుతుంది, మూత ఒత్తిడి కలిస్తే ఇంకా పైకి. బ్లాకుకు, లైనర్లకు తుప్పు పట్టనివ్వదు. ఈ రెండూ మనకు కావాలి. కలిపే నీళ్ళు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం కడుతుంది, కృష్ణ నీళ్ళు పోస్తే ఒండ్రు. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు అనుకుని నీళ్ళు కలపకుండా పోసేవాళ్ళున్నారు. అది తప్పు. గ్లైకాల్ కంటే నీళ్ళే వేడిని బాగా మోస్తాయి.

రెండేళ్ళకోసారి, లేదా డబ్బా మీద రాసిన గడువుకు మార్చండి. పాతది నదిలో మాత్రం పోయకండి. అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లలు నాకే ప్రమాదం ఉంది. విజయవాడ తాగేది ఈ కృష్ణ నీళ్ళే. క్యానులో పట్టి పాత ఆయిల్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి, ఆయిల్‌తో కలపకుండా విడిగా.

ఇంజిన్ వేడెక్కుతోందంటే కొంతమంది మెకానిక్కులు చేసే మొదటి పని థర్మోస్టాట్ తీసి పారేయడం. సూది కిందికి దిగుతుంది, ఓనరు తృప్తిపడతాడు. కానీ ఇంజిన్ చల్లగా తిరిగితే డీజిల్ పూర్తిగా కాలదు, మసి కడుతుంది, కాలని డీజిల్ ఆయిల్లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది. మన చలికాలం పొద్దున్నే ఇది ఇంకా ఎక్కువ. తీసేయడం కాదు, పరీక్షించండి. వంటింట్లో గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో కట్టి గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి వేడిచేయండి. దాని మీద 82 అని ఉంటే సుమారు ఆ వేడికి నోరు విప్పడం మొదలుపెట్టాలి, ఇంకో 10, 15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా కొత్తది వేయండి.

పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నది మీద పొగమంచు దిగుతుంది. సగం ఖాళీగా ఉన్న డీజిల్ ట్యాంకు లోపలి గోడలకూ తేమ పట్టి, చుక్కలై కిందికి దిగుతుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు, అడుగునే ఉంటాయి. సాయంత్రం ట్యాంకు నింపి పెట్టండి. పొద్దున్నే వాటర్ సెపరేటర్ అడుగు నాబు విప్పి గాజు గ్లాసులోకి కాస్త పట్టండి. కింద ముత్యంలా వేరుగా బొట్లు నిలిస్తే అవి నీళ్ళు. శుద్ధమైన డీజిల్ వచ్చేదాకా వదలండి.

ఆయిల్ పుల్ల తీసి చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయి, ఆ రోజు బోటు కదలకూడదు.

సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించి కొట్టకండి. బ్యాటరీ గురించి మాత్రమే కాదు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ నది నీళ్ళ పంపు కూడా తిరుగుతుంది, నీళ్ళు సైలెన్సర్‌లోకి పోస్తూనే ఉంటుంది. ఇంజిన్ అందుకోలేదు కాబట్టి ఆ నీళ్ళను బయటికి ఊదే పొగ లేదు. నాలుగైదు సార్లు కొట్టేసరికి సైలెన్సర్ నిండి నీళ్ళు వెనక్కి ఎక్కి సిలిండర్‌లో దిగుతాయి. నీళ్ళను పిస్టన్ అదమలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. రెండో ప్రయత్నానికీ అందుకోకపోతే అడుగు వాల్వు మూసి కొట్టండి. అందుకున్న వెంటనే తెరవండి.

స్టార్ట్ కాగానే గేజి వైపు కాదు, వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం వైపు చూడండి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్ద సరంగు (బోటు నడిపేవాడు) ఉండేవాడు. "అబ్బాయ్, ముందు గొట్టం చూడు, గేజి అబద్ధం చెప్తుంది" అనేవాడు. అది నిజం. కూలెంట్ అంతా కారిపోతే గేజి బల్బు నీళ్ళలో మునగదు, ఖాళీలో ఉండి తక్కువ చూపిస్తుంది. గొట్టంలోంచి నీళ్ళు పొగతో పాటు దఫదఫాలుగా ఉమ్మినట్టు రావాలి. అర నిమిషంలో రాకపోతే ఆపేయండి. వస్తుంటే మూడు నాలుగు నిమిషాలు తక్కువ స్పీడులో ఉంచి, తర్వాత నెమ్మదిగా లోడు ఇవ్వండి. గంటసేపు ఖాళీగా తిప్పి వేడిచేయడం వల్ల మసి తప్ప లాభం లేదు. మంచిగా ఉన్న రోజు సూది ఎక్కడ నిలుస్తుందో గేజి అద్దం మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకోండి. చుక్కను దాటి కొంచెం పైకి పోయినా అది కబురే.

నది మధ్యలో వేడెక్కితే

ముందు మనుషులు, తర్వాత ఇంజిన్. లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయో చూడండి. ఎగువన గేట్లు ఎత్తి ఉన్న రోజైతే, ఇంజిన్ ఆపిన మరుక్షణం నుంచి బోటు బ్యారేజీ వైపు జారుతుంది. లంగరు వేయకుండా ఇంజిన్ ఆపవద్దు. స్పీడు తగ్గించి, లంగరు పట్టిందని ఖాయం చేసుకుని, అప్పుడు ఆపండి.

గొట్టంలోంచి నీళ్ళు రావడం లేదంటే అడుగు జాలీకి కవరో గుడ్డో అతుక్కుని ఉండవచ్చు. ఇంజిన్ ఆగగానే పీల్చడం ఆగుతుంది, చాలాసార్లు దానంతట అదే ఊడిపోతుంది. లేకపోతే జల్లెడ డబ్బా చూడండి, తర్వాత ఇంపెల్లర్. నీళ్ళు బాగానే వస్తున్నాయంటే తప్పు కూలెంట్ వైపు ఉంది. బెల్టు తెగిందా, హోసు పగిలిందా చూడండి. వేడిగా ఉన్న మూత తీయకండి, ఆవిరి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై హోసును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే గుడ్డ వేసి సగం తిప్పి, ఒత్తిడి పోయాక తీయండి. కాలుతున్న బ్లాకులో చల్లటి నీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుంది. ఇంకో బోటును పిలిచి తాడు కట్టించుకుని రావడంలో నామోషీ లేదు.

చలి దేశాల్లో బోటు ఉన్న మనవాళ్ళకు

మా అక్క కొడుకు అమెరికాలో శీతాకాలం కూడా చేపల కోసం బోటు తీస్తాడు. రాత్రి సున్నా కిందికి, పగలు బోటు మీద. ఫోనులో అతనికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను, గుంటూరు, విజయవాడల నుంచి వెళ్ళిన పిల్లలు ఇంకా ఉంటారు కదా.

నీళ్ళు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ బలానికి పోత ఇనుము కూడా చీలుతుంది. కూలెంట్ వైపు సగంసగం మిశ్రమం చాలు, రిఫ్రాక్టోమీటరుతో (మిశ్రమం పాళ్ళు చూపే పరికరం) ఏటా పరీక్షించుకో. కలపని గ్లైకాల్ మాత్రం పోయవద్దు, అది సున్నా కింద 13 దగ్గరే గడ్డకడుతుంది. అసలు ప్రమాదం నది నీళ్ళ వైపే. బోటు కింద నీళ్ళు గడ్డకట్టకపోయినా ఇంజిన్ గదిలో గాలి గడ్డకట్టేంత చల్లబడుతుంది. ముందు పగిలేవి జల్లెడ డబ్బా లాంటి పలుచటి భాగాలు. తిరిగొచ్చిన ప్రతిసారీ అడుగు వాల్వు మూసి, ప్లగ్గులన్నీ విప్పి, వైరుతో పొడిచి ఖాళీ చెయ్యి. తర్వాత బోట్ల కోసం అమ్మే గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని బకెట్లోంచి పంపుతో లాగించు, గొట్టంలోంచి చిక్కటి గులాబీరంగు వచ్చేదాకా. డబ్బా మీద ఉన్న చలి అంకె చాలావాటికి పైపు పగలకుండా ఆగే అంకె. అంతకు ముందే ఆ ద్రవం ముద్దలా మారుతుంది, మిగిలిన నీళ్ళు కలిస్తే ఇంకా తొందరగా. ముద్ద ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే ఇంపెల్లర్ రెక్కలు తెగుతాయి. బాగా చలి రాత్రి తర్వాత ఇంజిన్ గదిని వేడిచేసి ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యి. ఆ హీటరు ఇంజిన్ గదుల కోసం చేసిందే అయి ఉండాలి, ఇంట్లో వాడేది పెట్రోలు ఆవిరికి నిప్పు. కరెంటు పోతే హీటరు ఆగిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని నీళ్ళు వదిలేయకు.

వరదకు ముందు కట్టేసేటప్పుడు

బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. మొదటిది వచ్చేదాకా ఆగకుండా ఎగువన సాగర్ గేట్లు ఎత్తారన్న రోజే బోటు భద్రమైన చోటికి తేవాలి, తాళ్ళు రెట్టింపు చేయాలి. అడుగు వాల్వు మూయండి. మంచినీళ్ళతో కడిగి ప్లగ్గులు విప్పి ఖాళీ చేయండి. ఇంపెల్లర్ తీసేయండి, నెలల తరబడి ఒకే వంపులో ఉంటే రెక్కలు అలాగే ఉండిపోతాయి. తీశామని ఒక అట్టముక్క మీద రాసి తాళంచెవికి కట్టండి. ఇంజిన్ ఆయిల్ మార్చాకే వదలండి, పాత ఆయిల్లోని ఆమ్లం బేరింగులను తింటుంది.

జాగ్రత్తపడినా ఇంజిన్ మునిగిందంటే సెల్ఫ్ మాత్రం ముట్టుకోకండి, బ్యాటరీ తీగ ఊడదీయండి. నీళ్ళు దిగిన రోజే పని మొదలుపెట్టాలి, గాలి తగిలిన గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. ఆయిల్ కింది ప్లగ్గు విప్పితే ముందు నీళ్ళు, తర్వాత ఆయిల్ వస్తాయి. గేర్‌బాక్సు కూడా అలాగే. ఇంజెక్టర్లు విప్పి, క్రాంక్‌ను పానాతో చేత్తోనే తిప్పండి, సిలిండర్లలో నీళ్ళుంటే ఆ రంధ్రాల్లోంచి పైకి వస్తాయి. ప్రతి రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ తిప్పండి. డీజిల్ ట్యాంకు ఖాళీ చేసి ఫిల్టర్లు మార్చండి. సెల్ఫ్ మోటారు, డైనమో ఆటోనగర్ తీసుకెళ్ళి విప్పించి ఆరబెట్టించండి. కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, అరగంట వేడెక్కనిచ్చి, ఆ ఆయిల్ కూడా తీసేయండి. తెల్లగా పాలరంగు పోయేదాకా రెండు మూడుసార్లు మార్చాల్సి వస్తుంది. ఈ పనికి చవక ఆయిల్ చాలు, చివరిసారి మాత్రం మంచిది పోయండి.